మా సేవా క్లబ్ పేజీని మా సభ్యులు తప్ప ఎవరూ చూడడం లేదు, ఏం చేయాలి?

హంద్రీ ఒడ్డు (కర్నూలు) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. కర్నూలులో చాలా ఏళ్లుగా నడుస్తున్న ఒక సేవా క్లబ్‌కు ఈ జూలై నుంచి నేను కార్యదర్శిగా ఉన్నాను. మా సభ్యులలో ఎక్కువ మంది వ్యాపారులు, విశ్రాంత ఉద్యోగులు, కొందరు డాక్టర్లు. నలభై ఏళ్ల లోపు వారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వేసవిలో రాజ్‌విహార్ దగ్గర, బస్టాండు వైపు చలివేంద్రాలు పెడతాం. పల్లెల్లో కంటి శిబిరాలు జరిపి శుక్లాలు ఉన్నవారిని ఆపరేషన్లకు తీసుకువెళతాం. బడులు తెరిచే నాటికి ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు నోటుపుస్తకాలు అందిస్తాం, అప్పుడప్పుడు రక్తదాన శిబిరాలు కూడా నిర్వహిస్తాం. పనికి లోటు లేదు, ఆ పని ఊరికి తెలియడంలోనే లోటు ఉంది.

మా ఫేస్‌బుక్ పేజీలోని పోస్టులన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. వెనుక బ్యానరు, దాని ముందు వరుసగా నిలబడిన మేము, మధ్యలో శాలువా కప్పుకున్న ముఖ్య అతిథి. లైకులు కొట్టేది మేమే, ‘అభినందనలు సార్’ అని రాసేదీ మేమే. వాట్సాప్ గ్రూపు ఉన్నది గానీ, పొద్దున్నే శుభోదయాలతోనూ పుట్టినరోజు కేకులతోనూ నిండిపోవడం వల్ల శిబిరం ఏ రోజు జరుగుతుందో అందులో వెతుక్కోవలసి వస్తుంది. గత కార్యవర్గంలోని ఒకరి అబ్బాయి ఇన్‌స్టాగ్రామ్ ఖాతా తెరిచాడట. అతను బెంగళూరులో ఉద్యోగంలో చేరాడు, పాస్‌వర్డ్ ఇక్కడ ఎవరి దగ్గరా లేదు.

కళాశాలల్లో చదువుకునే యువత మాతో కలిసి పనిచేయాలని, అవసరంలో ఉన్నవారు మమ్మల్ని వెతుక్కుంటూ రాగలగాలని నా కోరిక. ఇందుకు ఏ మాధ్యమాన్ని ముందుగా పట్టుకోవాలి? ప్రకటనలకు డబ్బు పెట్టడం సమంజసమేనా? సాయం పొందిన వారి ఫోటోలు పెట్టవచ్చునా? అనుభవం ఉన్నవారు వివరంగా రాస్తే మా తదుపరి సమావేశంలో చదివి వినిపిస్తాను.

అనంత రక్తదాత (అనంతపురం) సమాధానం:

కార్యదర్శి గారూ, ఏ మాధ్యమం అన్నదానికంటే ముందు, పోస్టు ఎప్పుడు పెడుతున్నారన్నది తేల్చుకోవాలి. మీరు వర్ణించిన ఫోటోలన్నీ పని ముగిశాక పెట్టినవి. ముగిసిపోయిన పనిని చూసినవాడు లైకు కొట్టడం తప్ప చేయగలిగింది ఏమీ ఉండదు. మన పల్లెల్లో దండోరా వేసేది జాతర ముందే కదా. శిబిరం ఫలానా రోజు, ఫలానా చోట, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు, ఇంత మంది దాతలు, ఇంత మంది కార్యకర్తలు కావాలి అని వారం ముందు ఒకసారి, ముందురోజు సాయంత్రం ఒకసారి రాసి చూడండి. మీ పేజీని చూసే కళాశాల విద్యార్థికి అప్పుడు గానీ తనకు అందులో చోటు ఉన్నట్టు అనిపించదు.

నేను అనంతపురంలో స్వచ్ఛంద రక్తదాతల బృందంలో పనిచేస్తున్నాను కాబట్టి ఆ ఒక్క విషయం మీద కొంచెం విస్తారంగా రాస్తాను. జూన్ 14న ప్రపంచ రక్తదాతల దినం, అక్టోబర్ 1న జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం వస్తాయి. ఊరిలోని సంఘాలన్నీ ఆ రెండు రోజుల్లోనే శిబిరాలు పెట్టి ఫోటోలు నింపేస్తాయి. కానీ సేకరించిన రక్తంలోని ఎర్ర కణాలు 35 నుంచి 42 రోజుల వరకే, ప్లేట్‌లెట్లు అయిదు రోజుల వరకే నిల్వ ఉంటాయి. ఒక్కరోజే వందల మంది దాతలు వచ్చి ఆ తరువాత రెండు నెలలు ఎవరూ రాకపోతే రక్తనిధికి ఒరిగేది తక్కువ. కళాశాలలకు సెలవులు ఇచ్చే ఏప్రిల్, మే నెలల్లో దాతలు మరీ తగ్గిపోతారు, తలసీమియా ఉన్న పిల్లలకు మాత్రం వేసవి అయినా రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించక తప్పదు. అందువల్ల మీ పోస్టుల క్యాలెండరును రక్తనిధి వారిని అడిగి వేసుకోండి, దినోత్సవాల పట్టిక చూసి వేసుకోవద్దు.

పోస్టులో అర్హతలు కూడా రాయాలి. వయసు 18 నుంచి 65 ఏళ్లు, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు, గత రక్తదానం తరువాత పురుషులకైతే 90 రోజులు, స్త్రీలకైతే 120 రోజులు గడిచి ఉండాలి. ఇవి ముందే తెలిస్తే ఎండలో వచ్చి వరుసలో నిలబడి వెనుదిరిగే వారి సంఖ్య తగ్గుతుంది. అలా వెనుదిరిగినవారు, ముఖ్యంగా ఆడపిల్లలు, మళ్లీ రావడానికి మొహమాటపడతారు. శిబిరానికి వచ్చిన వారి అనుమతితో నంబర్లు తీసుకుని, గడువు పూర్తయ్యాక ఒక్కొక్కరికి విడిగా సందేశం పంపండి. నా లెక్కలో వంద పోస్టుల కంటే ఈ ఒక్క పని మేలు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితా ద్వారా పంపేటట్లయితే, మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్న వారికే ఆ సందేశం చేరుతుందన్నది మరిచిపోకూడదు. శిబిరంలో పండ్లరసం తాగుతూ కూర్చున్నప్పుడే ఆ నంబరు సేవ్ చేయించడం మంచిది.

అత్యవసర విజ్ఞప్తుల సంగతి వేరు. తేదీ లేకుండా ‘అర్జంటుగా ఓ నెగటివ్ కావాలి, అందరికీ పంపండి’ అనే సందేశాలు నెలల తరబడి తిరుగుతూనే ఉంటాయి. ఆ రోగి కోలుకుని ఇంటికి వెళ్లాక కూడా వారి బంధువులకు అర్ధరాత్రి ఫోన్లు వస్తుంటాయి. మీ క్లబ్ పేరుతో వెళ్లే ప్రతి విజ్ఞప్తిలోనూ తేదీ, సమయం, ఆసుపత్రి, రక్తం గ్రూపు, ఎన్ని యూనిట్లు కావాలి అన్నవి ఉండాలి. బొమ్మగా పంపితే తేదీని ఆ బొమ్మలోనే ముద్రించాలి. రోగి సహాయకుల సొంత నంబరు కాకుండా క్లబ్ నంబరో రక్తనిధి నంబరో ఇవ్వాలి. అవసరం తీరగానే ‘అందింది, ఇక పంపవద్దు’ అని అదే గ్రూపులలో రాయాలి. దేశంలో డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు వల్ల 1998 జనవరి 1 నుంచి నిషిద్ధం. అయినా ఇలాంటి సందేశాల్లోని నంబర్లను పట్టుకుని బంధువులకు ఫోను చేసి బేరం మాట్లాడేవారు ఉన్నారు. సందేశం పంపే ముందు ఈ-రక్తకోష్ పోర్టల్‌లో దగ్గరలోని రక్తనిధుల నిల్వలు చూసుకోవడం కూడా అలవాటు చేసుకోండి. మీ ఊరి సర్వజన వైద్యశాలకు గద్వాల నుంచి, రాయచూరు వైపు నుంచి కూడా రోగులు వస్తారు. కర్నూలులో తెలిసినవారు ఒక్కరూ లేని ఆ బంధువులకు, ఫోను ఎత్తి మాట్లాడే ఒక నంబరు మీ క్లబ్ పేరుతో ఉంటే దానికి మించిన ప్రచారం ఉండదని నా అభిప్రాయం.

ఇక గ్రూపు విషయం. శుభోదయాల గ్రూపును ముట్టుకోకండి, పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. ప్రకటనలకు వేరుగా ఒక వాట్సాప్ ఛానెల్ తెరవండి. అందులో క్లబ్ మాత్రమే రాయగలదు, చేరినవారి ఫోన్ నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. మామూలు గ్రూపులో తమ నంబరు అందరికీ కనిపిస్తుందన్న జంకుతోనే చాలామంది విద్యార్థినులు మా బృందంలో చేరలేదు. ఛానెల్ వచ్చాక ఆ ఇబ్బంది తీరింది.

పెన్నా గట్టు టీచరు (ప్రొద్దుటూరు) సమాధానం:

కార్యదర్శి గారూ, నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి విరమణ పొందాను. మీరు చివరగా అడిగిన ఫోటోల ప్రశ్నకు మాత్రమే జవాబు రాస్తున్నాను.

దాతలు వచ్చే రోజున పిల్లలను వరుసగా నిలబెట్టి, ఒక్కొక్కరి చేతిలో పుస్తకాల కట్ట పెట్టి, కెమెరా వైపు చూడమనడం ఎన్నో ఏళ్లు చూశాను. ఆరో తరగతి పిల్లలు నవ్వుతూ నిలబడతారు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు, వారిలోనూ ఆడపిల్లలు, తల దించుకుంటారు. మునుపు ఆ ఫోటో పాఠశాల ఆల్బంలో ఉండిపోయేది. ఇప్పుడు అదే సాయంత్రం వారి వీధిలోని ప్రతి ఫోనులోనూ కనిపిస్తుంది, మరునాడు తరగతిలో ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని ఎగతాళి చేస్తారు. ఇచ్చినది నోటుపుస్తకమే, పోయినది ఆ బిడ్డ మర్యాద.

చట్టం సంగతి కూడా తెలుసుకుని ఉండాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. ప్రధానోపాధ్యాయులు ‘తీసుకోండి సార్’ అన్నంత మాత్రాన తల్లిదండ్రులు ఒప్పుకున్నట్టు కాదు. బాలల సంరక్షణ గృహాలకు వెళ్లినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. రక్షణ, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, బడి, ఫోటో వంటి గుర్తులు బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధిస్తుంది. దానికి ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అనాథ పిల్లలతో కేకు కోయించి ఫోటోలు పెట్టేవారిలో ఈ సంగతి తెలిసినవారు ఎంతమందో!

మరి ఏం చూపించాలని మీరు అడగవచ్చు. పుస్తకాల లారీ దిగుతున్నప్పుడు చూపించండి. మీ సభ్యులు కూర్చుని తరగతి వారీగా కట్టలు కడుతున్నది చూపించండి. చెమటలు పట్టి పనిచేస్తున్న పెద్దమనుషులను చూస్తే జనానికి గౌరవం కలుగుతుంది, శాలువాలో చూస్తే కలగదు. పిల్లలను తీయవలసి వస్తే వెనుక బెంచీ నుంచి, ముఖాలు కనిపించకుండా తీయండి. కంటి శిబిరాల విషయంలోనూ ఇంతే. ఆపరేషన్ అయి కంటికి పచ్చ గుడ్డ కట్టుకున్న అవ్వలను, తాతలను వరుసగా కూర్చోబెట్టి తీసిన ఫోటోలు నాకు ఎప్పుడూ నచ్చలేదు. నెల తరువాత వారిలో ఒకరి ఊరికి వెళ్లి, ఇష్టపడితేనే, ఇప్పుడు ఏ పనులు చేసుకోగలుగుతున్నారో వారి మాటల్లోనే చెప్పించండి. పొరుగు ఊళ్లో ఆపరేషన్ అంటే భయపడి ఇంట్లోనే ఉండిపోయిన మరో అవ్వకు ఆ వీడియో మనవడి ఫోనులో చేరితే శిబిరానికి వచ్చే ధైర్యం కలుగుతుంది.

వన్‌టౌన్ కిరాణా (కర్నూలు) సమాధానం:

టీచరు గారి మాటలు మర్యాదగా ఉన్నాయి గానీ, డబ్బు ఇచ్చేవారి సంగతి ఎవరూ రాయలేదు. నేను కూడా ఒక క్లబ్‌లో సభ్యుడిని. మా చలివేంద్రానికి నీళ్ల ట్యాంకరు, మజ్జిగ ఖర్చు ఎవరో ఒక వ్యాపారి భరిస్తేనే ఆ పందిరి నిలబడుతుంది. ఆయన పేరు, ఫోటో పెట్టకపోతే వచ్చే వేసవిలో మేము వెళ్లేసరికి ఆయన దుకాణంలో ఉండరు. పెడితే మాత్రం పక్క దుకాణం ఆయన ‘ఈసారి నాకు చెప్పండి’ అని తానే ఫోను చేస్తాడు. నా పేరు రాయకపోతే నేనూ చిన్నబుచ్చుకుంటాను, దాచుకోవడం ఎందుకు? పేదవాడి ముఖం చూపించవద్దంటే ఒప్పుకుంటాను, ఇచ్చినవాడి ముఖం కూడా వద్దంటే క్లబ్‌లు మూతపడతాయి.

ఏడురోడ్ల ఆడిటరు (కడప) సమాధానం:

కిరాణా గారు చెప్పినది నిజమే, టీచరు గారు చెప్పినది కూడా నిజమే. రెండింటికీ పొంతన కుదిరే చోటు లెక్కల పోస్టు. కార్యక్రమం ముగిసిన వారంలోగా, ఎవరు ఎంత ఇచ్చారు, ఏ దుకాణంలో ఏమి కొన్నారు, ఎంత మిగిలింది, మిగిలినది దేనికి పెడుతున్నారు అన్నది ఒక కాగితం మీద రాసి, దాతల పేర్లు పెద్ద అక్షరాలతో వేసి పేజీలో పెట్టండి. దాతకు పేరు దక్కుతుంది, చూసేవారికి నమ్మకం కలుగుతుంది. సన్మానం ఫోటోకు రాని ఫోన్లు లెక్కల కాగితానికి రావడం నేను ఆడిట్ చేసే సంఘాలలో చూశాను.

డబ్బు అడిగే పోస్టులో క్యూఆర్ కోడ్ పెట్టేటప్పుడు అది క్లబ్ పేరుతో ఉన్న బ్యాంకు ఖాతాదే కావాలి. కోశాధికారి సొంత నంబరుకు పంపమంటే ఆయన ఎంత నిజాయితీపరుడైనా ప్రశ్నలు తప్పవు. ‘చెల్లించే ముందు తెరపై ఈ పేరు కనిపించాలి’ అని క్లబ్ పేరును కోడ్ కిందనే రాస్తే, మీ బొమ్మను మార్చి సొంత కోడ్ అతికించే మోసగాళ్ల ఆట సాగదు. దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇప్పించే అనుమతి (80జీ అంటారు) ఉన్న సంఘమైనా, రెండు వేల రూపాయలకు మించిన నగదు విరాళానికి దాతకు పన్ను మినహాయింపు రాదని కూడా అక్కడే తెలియజేయండి.

మా కడప జిల్లా వారికి ఎప్పుడూ ఎదురయ్యే మరో సంగతి చెబుతాను, మీ పోస్టులు ఊరు దాటాక మీకూ ఎదురవుతుంది. మా వైపు నుంచి కువైట్‌లో పనిచేసేవారు చాలామంది. సొంత ఊరి బడి గురించి పోస్టు చూడగానే డబ్బు పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు పంపితే మాత్రం, వారికి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేని సంఘం దానిని తీసుకోకూడదు. కాబట్టి పోస్టు కింద ‘విదేశాల నుంచి పంపదలచినవారు ముందుగా కార్యదర్శిని సంప్రదించండి’ అన్న ఒక్క వాక్యం ఉంచండి.

ప్రకటనల విషయంలో నా సలహా కఠినంగానే ఉంటుంది. ఫోటోల ఆల్బంను బూస్ట్ చేయడానికి ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు. తేదీ, స్థలం ఉన్న శిబిరం పోస్టుకు మాత్రమే, శిబిరం జరిగే చోటు చుట్టూ కొన్ని కిలోమీటర్ల పరిధి ఎంచుకుని, కొద్ది మొత్తంతో మూడు నాలుగు రోజులు నడపండి. శిబిరంలో నమోదు కాగితం మీద ‘మీకు ఎలా తెలిసింది’ అని ఒక గడి పెట్టండి. ఆ గడిలో ఎక్కువ మంది ‘ఫలానా మిత్రుడి వాట్సాప్ స్టేటస్’ అని రాస్తే, డబ్బు ఆపి సభ్యులందరి చేత స్టేటస్ పెట్టించడమే మేలు.

ఖాతాలు పోవడం గురించి రాశారు. రోటరీ, లయన్స్ వంటి సంస్థలలో జూలై 1న కార్యవర్గం మారుతుంది, ప్రతి మార్పులోనూ ఏదో ఒక పాస్‌వర్డ్ పాతవారితో వెళ్లిపోతుంది. క్లబ్ పేరుతో ఒక ఈమెయిల్, ఒక సిమ్ తీసుకుని ఖాతాలన్నీ వాటితోనే తెరవండి. ఫేస్‌బుక్ పేజీకి పూర్తి అధికారం ఎప్పుడూ ఇద్దరికి తక్కువ కాకుండా ఉంచండి. పదవీ స్వీకారం నాడు మినిట్స్ పుస్తకం, చెక్కు పుస్తకాలతో పాటు ఈ వివరాలనూ అప్పగించినట్టు సంతకాలు తీసుకోండి. ఇక ఇన్‌స్టాగ్రామ్ అంటారా, ఆ అబ్బాయి ఉన్నది బెంగళూరులోనే కదా, ఒక ఫోను చేసి అడగండి.

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

అందరికీ కృతజ్ఞతలు. ఆ అబ్బాయికి ఫోను చేశాను, పాస్‌వర్డ్ వెంటనే పంపాడు. పైగా వారానికి ఒక రీల్ తానే తయారు చేసి ఇస్తానన్నాడు. వాట్సాప్ ఛానెల్, లెక్కల పోస్టు, పిల్లల ముఖాలు చూపించకపోవడం అనే మూడు అంశాలను సమావేశంలో ప్రతిపాదిస్తాను. శాలువాల మీద మాత్రం చర్చ చాలాసేపు నడిచేటట్టుంది.

ఒక్క సందేహం మిగిలింది. మా రక్తదాన శిబిరం పాతబస్తీ వైపు పెట్టాలని అనుకుంటున్నాం. అక్కడ ఇళ్లలో ఉర్దూ మాట్లాడేవారు ఎక్కువ. తెలుగు పోస్టు వారికి చేరుతుందా, లేక ఉర్దూ లిపిలో మరొకటి తయారు చేయించాలా?

బురుజు నీడ (కర్నూలు) సమాధానం:

సార్, మాది ఆ వైపే. మా ఇళ్లలో పెద్దవాళ్లలో కొందరు ఉర్దూ చదువుతారు, పిల్లల్లో చాలామంది తెలుగు మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివినవారు కాబట్టి ఉర్దూ మాట్లాడతారు గానీ చదవలేరు. రెండు లిపులలో ఏది వేసినా కొందరికి అందదు. అర నిమిషం మించని వాయిస్ మెసేజ్‌ను మా ఇంటి ఉర్దూలో రికార్డు చేసి, దాని కింద తేదీ, స్థలం తెలుగులో రాసి పంపితే అందరికీ చేరుతుంది. శుక్రవారం నమాజు తరువాత మసీదులో ఒక మాట చెప్పించమని కమిటీ పెద్దలను అడగండి, కాదనరు. రంజాన్ నెలలో పగటి పూట శిబిరం పెట్టవద్దు, ఉపవాసంతో ఉన్నవారు రక్తం ఇవ్వడానికి వెనకాడతారు. ఆడవాళ్లు రావాలంటే వారికి వేరే గది, మహిళా సిబ్బంది ఉంటారని సందేశంలోనే చెప్పాలి. ఆదోని వైపు వెళ్లినప్పుడు ఇదే పద్ధతిలో కన్నడంలో కూడా ఒకటి చేయించుకోండి. శిబిరం తేదీ ఖాయం అయ్యాక విషయం తెలుగులో రాసి ఇక్కడ పెట్టండి సార్, మా అక్క గొంతుతో ఉర్దూలో రికార్డు చేయించి పంపుతాను.